మిర్చి కల్లం దగ్గర పోయిన నిద్ర

కారేపల్లి చుట్టుపక్కల తండాల నుంచి ఉన్మాదంతో వచ్చేవాళ్లు నాకు ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య కాస్త ఎక్కువగా కనిపిస్తారు. మిర్చి కోతలు, కల్లాలు అప్పుడే. ఆరబోసిన కాయ తడవకుండా, దొంగల పాలు కాకుండా రాత్రుళ్లు కాపలా పడుకోవాలి. పేరుకే పడుకోవడం. మబ్బు పట్టినప్పుడల్లా లేచి పట్టాలు కప్పాలి. బైపోలార్ జబ్బు ఉన్నవాడికి వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర చెడితే చాలు, ఉన్మాదం తిరగబెట్టొచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం నిద్ర సంగతి చివర్న చెబుతారు. ముందు చెప్పేది దేవుడి సంగతి.

అలా వచ్చిన ఒక రైతుకు నలభై నిండలేదు (ఆనవాళ్లు కొన్ని మార్చాను). తమ్ముళ్లు తువ్వాలతో చేతులు కట్టి ఆటోలో ఖమ్మం తెచ్చారు. గొంతు బొంగురుపోయింది, పెదాలు పగిలాయి, అయినా మాట ఆగడం లేదు. తాను రామదాసునట. రాముడు చెవిలో చెబుతున్నాడట, భద్రాచలంలో ఇంకో గోపురం ఎత్తాలట. రామదాసు పుట్టిన నేలకొండపల్లి మన జిల్లాదే, ఆ కంచర్ల గోపన్న కథ ఇక్కడ తెలియని ఇల్లు లేదు. భ్రమ కూడా ఊళ్లో ఉన్న కథనే పట్టుకుంటుంది. మిర్చి అమ్మిన డబ్బు సగం మార్కెట్ దగ్గరే పంచేశాడు. మిగతాది దాచబోయిన తమ్ముడు, రామదాసును చెరలో పెట్టిన తానీషా మనిషయ్యాడు.

“దేవుడొచ్చిండంటారా, రోగమంటారా సారూ?” అని భార్య అడిగింది.

“దేవుడి సంగతి తర్వాత చూద్దామమ్మా. పడుకుని ఎన్నాళ్లయింది?”

“కల్లం పోసినకాడి నుంచి సరిగ్గ పండుకోలే. అయినా అలుపన్నదే లేదు.”

నాకు కావలసింది ఆ రెండో మాట. నిద్ర లేకపోతే ఎవరైనా నీరసపడతారు. ఉన్మాదంలో ఉన్నవాడు ఇంకా హుషారెక్కుతాడు. జాతరలో పూనకం వచ్చినవాళ్లు కాసేపటికి సొమ్మసిల్లి పడుకుంటారు, మర్నాడు పనికి పోతారు. వాళ్లకు నా అవసరం లేదు. ఇతనితో ‘నువ్వు రామదాసువి కావు’ అని వాదించడమూ దండగే. వాదిస్తే నేనూ తానీషా పక్షమే అవుతాను.

ఈ అడవి అంచున ఇంకో జాగ్రత్త ఉంది. ఒళ్లు వెచ్చగా ఉంటే ముందు మలేరియా పరీక్ష. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకెక్కినా మనిషి ఇలాగే పేలుతాడు, కాకపోతే ఎక్కడున్నాడో, ఎదురుగా ఎవరున్నారో పోల్చుకోలేడు. కల్తీ కల్లు ఒక్కసారిగా మానేయడం, గంజాయి, స్టెరాయిడ్ మాత్రలు, థైరాయిడ్ కూడా చూడాలి. మన రైతుకు అవేవీ లేవు. మూడేళ్ల కిందట ఇలాగే అయి, తాయెత్తు కట్టాక తగ్గిందని అప్పుడు బయటపడింది. చికిత్స లేకపోయినా కొన్ని నెలలకు ఉన్మాదం దానంతట అది దిగొచ్చు. ఆ పేరంతా తాయెత్తుకు పోయింది.

మొదటి రాత్రి హాలోపెరిడాల్, ప్రోమెథజిన్ కలిపి ఇంజక్షన్ ఇచ్చాం. ఈ జోడీ లోరాజెపాం కన్నా త్వరగా శాంతపరుస్తుందని వెల్లూరు సీఎంసీ వైద్యులు 2004లో చూపారు. హాలోపెరిడాల్ ఒక్కటే ఇస్తే కొందరికి మెడ పక్కకు మెలిపడుతుంది, కళ్లు పైకి పోతాయి. అది చూసిన చుట్టాలు దయ్యమే మెడ తిప్పిందనుకుని రోగిని ఎత్తుకుపోతారు. తర్వాత రాత్రికి ఒలాంజపిన్ మాత్రలు, వాటితోపాటు లిథియం.

లిథియం ఉన్మాదానికి పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో రాశాడు. ఇప్పటికీ జబ్బు తిరగబెట్టకుండా కాయడంలో దానికి సాటి వచ్చే మందులు తక్కువ. అయితే అది ఈ ఎండల కోసం పుట్టిన మందు కాదు. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, అంతకు బాగా మించితే విషం. మే నెలలో ఒళ్లంతా చెమటై, నీళ్లు తాగకపోయినా, విరేచనాలైనా అది పెరిగిపోతుంది. పొలం పనితో నడుం పట్టిందని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకున్నా పెరుగుతుంది. ఒకాయన అలాగే చేతులు గజగజ వణుకుతూ, తూలుతూ వచ్చాడు, తాగి ఉన్నాడనుకున్నారు. అందుకని చీటీ వెనక నేనే తెలుగులో రాసిస్తాను: ఉప్పు మానొద్దు, నీళ్లూ మజ్జిగా తాగాలి, నొప్పికి పారాసిటమాల్ తప్ప మరొకటి వద్దు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లిథియం ఆపి ఆ పూటే రావాలి. ఈ చీటీ ఆర్‌ఎంపీకీ చూపించమంటాను. ఊళ్లో మొదట చూసేది ఆయనే, ఆయన్ని తిట్టి మనం సాధించేదేమీ లేదు.

మూడు వారాలకు రామదాసు పోయి రైతు మిగిలాడు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. పంచిన డబ్బు, తమ్ముణ్ని తిట్టిన తిట్లు, అన్నీ గుర్తున్నాయి. తల ఎత్తడు. ఉన్మాదం దిగాక దిగులు పట్టే రోజుల్లో ప్రాణం తీసుకునే ప్రమాదం ఎక్కువ, మిర్చి రైతు ఇంట్లో పురుగుమందు ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది. డబ్బాలు తమ్ముడింటికి మార్పించాం. రాత్రిపూట భయమేస్తే ఫోన్ చేయమని 14416 టెలీ మానస్ (మానసిక సహాయ) నంబరు భార్య ఫోన్‌లో ఎక్కించాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది, అది చాలామందికి తెలుసు. మళ్లీ జబ్బు చేస్తే తనకేం చేయాలో, ఏం చేయొద్దో మనిషి బాగున్నప్పుడే రాసిపెట్టుకోవచ్చని కూడా అందులో ఉంది, అది వాడేవాళ్లు అరుదు. ఇతను రాయించాడు. తన తరఫున నిర్ణయాలకు భార్య పేరు పెట్టాడు. చేతులు కట్టొద్దన్నాడు, ఇంజక్షన్ ఇవ్వొచ్చన్నాడు. చట్టానికి సంబంధం లేని ఇంటి ఏర్పాటు వేరే కాగితం మీద రాసుకున్నారు: వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోతే బ్యాంకు పాస్‌బుక్కు, బండి తాళం తమ్ముడి దగ్గర, మిర్చి డబ్బు భార్య ఖాతాలో. కల్లం కాపలా వంతులేసుకున్నారు. అతనికి పగలు పడింది.