కొబ్బరి చెట్ల మధ్య మంట

నేనుండేది పుదుచ్చేరిలో, చేపల హార్బరు ఉన్న తేంగాయితిట్టులో. ఊరి పేరు చెబితే మనవాళ్ళు ముందు నవ్వుతారు. తమిళంలో తేంగాయ్ అంటే కొబ్బరికాయ, తిట్టు అంటే దిబ్బ. ఇందులో ఎవర్నీ తిట్టింది లేదు.

యానాం నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మాస్టారొకాయన మా వీధిలో ఉన్నారు. ఆయన తమ్ముడి ఇల్లు కోనసీమలో, గ్యాసు పైపులైనుకి దగ్గర. పెరటి కాలవలో రెండు రోజులుగా బుడగలు వస్తున్నాయని కబురొచ్చిందట. నగరం గుర్తొచ్చి ఇంటిల్లిపాదీ హడలిపోయి, ఆదివారం ఆ పెరట్లోనే శాంతి హోమం పెట్టుకున్నారు.

నగరం అంటే మామిడికుదురు దగ్గరి ఊరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపులైను లీకై గ్యాసు ఊరి మీద పరుచుకుంది. దానికి ఎక్కడో నిప్పు తగిలింది. టీ కొట్టు పొయ్యి అని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు.

"అగ్నిదేవుడి ఆగ్రహం కాకపోతే ఏంటండీ? పొయ్యి మీద మంట కదలకుండా ఉంటుంది కదా, అక్కడ కన్నుమూసి తెరిచేలోగా ఊరంతా ఎలా పాకింది?" అన్నారు మాస్టారు.

నిజానికి మంచి ప్రశ్న. ఒక శతాబ్దం పాటు ఇంజనీర్లు బుర్రలు బద్దలుకొట్టుకున్నది దీని మీదే.

మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం దాకా ఉంటేనే అంటుకుంటుంది. ముందే గాలితో కలిసి సిద్ధంగా ఉన్న ఆ మిశ్రమంలో, గాలి నిశ్చలంగా ఉంటే, మంట సెకనుకి 40 సెంటీమీటర్లకు మించి లోపలికి కొరుక్కుంటూ పోలేదు. కాలిన వాయువు ఏడు రెట్లకు పైగా వ్యాకోచించి తోస్తుంది కాబట్టి బయట నిలబడి చూసేవాడికి అది నెమ్మదిగా తొక్కే సైకిలంత వేగంగా కనిపిస్తుంది. ఆ తోపుడికి ముందున్న గాలి కొబ్బరి మొదళ్ళనీ, గోడలనీ, పాకలనీ గుద్దుకుని సుడులు తిరుగుతుంది. సుడులు మంటను ముడతలు పెడతాయి. ముడతలు పడితే కాలే వైశాల్యం పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, సుడులు ఇంకా పెరుగుతాయి. వైశాల్యం ఎన్ని రెట్లయితే వేగమూ అన్ని రెట్లని జర్మనీలో డామ్‌కోలర్ 1940లోనే రాశాడు. మన బండి ఇంజను వేగం పెంచినా పెట్రోలు సమయానికి కాలిపోవడం ఈ సుడుల పుణ్యమే.

లెక్కకట్టడం మాత్రం నరకం. మంట పొర మందం మిల్లీమీటరులోపే. దాన్ని ఊరంత మేర పట్టుకునే కంప్యూటరు లేదు. సరే, సగటు తీసుకుందామా? ఒకచోట సగం సేపు 300 కెల్విన్ల చల్లని గాలి, సగం సేపు 2200 కెల్విన్ల కాలిన వాయువు ఉన్నాయనుకోండి. సగటు 1250. కానీ ఆ ఉష్ణోగ్రత అక్కడ దాదాపు ఎప్పుడూ ఉండదు! రసాయన చర్య వేగమేమో ఉష్ణోగ్రతతో విపరీతంగా మారుతుంది. సగటు పెట్టి చేసిన లెక్క చెత్తబుట్టలోకే. అందుకే 1977లో బ్రే, మాస్ 'కాలనిది సున్నా, కాలినది ఒకటి' అనుకుని, రెండిటి పాళ్ళు ఎంతెంతని అడిగే నమూనా కట్టారు.

"అంటే మీరూ అనుకుంటున్నారన్నమాట. మీదీ నమ్మకమేగా?" మాస్టారు తక్కువవారు కాదు.

అనుకుంటాం, బర్నరు దగ్గరికెళ్ళి కొలుస్తాం. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికే వాయువు వ్యాపిస్తుందని అందరూ సమీకరణాల్లో రాసుకున్నారు. కొన్ని మంటల్లో అది ఎదురు దిక్కున పోతుందని తేలింది. తేలికైన వేడి వాయువును పీడనం ఎక్కువగా తోసేస్తుంది కనుక అలా జరుగుతుందని 1981లో లిబ్బీ, బ్రే చూపించారు. నమూనా మార్చుకున్నారు. ఏ హోమం ఫలించలేదని ఏ మంత్రాన్ని దిద్దారో ఆయన్నే చెప్పమన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. నాకది ముఖ్యం కాదు. బుడగలొచ్చే పెరట్లో సమిధలు వెలిగించడమంటే ఏమిటో కాగితం మీద బొమ్మ గీసి చూపించాను: కాలవ, కొబ్బరి చెట్లు, పాక, హోమగుండం. ఆ బొమ్మను చాలాసేపు చూశారు. తరవాత తమ్ముడికి ఫోను చేసి, పొయ్యి ముట్టించొద్దు, స్విచ్చి వేయొద్దు, పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్ళి పైపులైను వాళ్ళకి ఫోన్ చెయ్యమన్నారు.

మర్నాటికి మనుషులొచ్చి తవ్వారు. లీకే. హోమం పై వారం గుళ్ళో చేయించుకున్నారట. చేయించుకోనివ్వండి.