పోర్టల్ మొరాయిస్తే తప్పు సర్వర్‌దేనా?

జీఎస్-2లో ఈ-గవర్నెన్స్ ప్రశ్న రాగానే మనలో చాలామంది ‘సర్వర్ల సామర్థ్యం పెంచాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి’ అని రాసేస్తాం. ఇంజనీరింగ్ చదివి ఢిల్లీలో ప్రిపేర్ అవుతున్న నాకు ఆ జవాబు సగమే అనిపిస్తుంది. మిగతా సగం ఏమిటో జీఎస్టీలో చూడండి.

2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చింది. పోర్టల్ బాధ్యత ఢిల్లీలోని జీఎస్టీఎన్‌ది, సాఫ్ట్‌వేర్ తయారీ ఇన్ఫోసిస్‌ది. మొదటి ప్రణాళికలో నెలకు మూడు రిటర్నులు: 10వ తేదీకి అమ్మకాలతో జీఎస్టీఆర్-1, 15కి కొనుగోళ్లతో జీఎస్టీఆర్-2, 20కి రెండూ కలిపి జీఎస్టీఆర్-3. అమ్మినవారి ప్రతి ఇన్వాయిస్ కొన్నవారి లెక్కతో సరిపోవాలి. ఒక్కరు ఆలస్యం చేసినా, వారి దగ్గర కొన్నవారందరి లెక్కా తేడా వస్తుంది. అంటే లక్షలమంది వ్యాపారుల అలవాట్లు ఒకే నెలలో మారాలి. ఏ సర్వరూ ఆ పని చేయలేదు.

పోర్టల్ నెమ్మదించింది, గడువులు వాయిదా పడ్డాయి. సెప్టెంబరులో సుశీల్ కుమార్ మోదీ నాయకత్వంలో మంత్రుల బృందం ఏర్పడింది. నవంబరు 10న గువాహటిలో జీఎస్టీ కౌన్సిల్ 2, 3 రిటర్నులను పక్కనపెట్టి, తాత్కాలికంగా తెచ్చిన 3బీ అనే సంక్షిప్త రిటర్నునే కొనసాగించింది. దీనికీ మూల్యం ఉంది: సరిపోల్చడం లేకపోయేసరికి నకిలీ బిల్లులతో క్రెడిట్ తీసుకునేవారిని పట్టుకోవడం కష్టమైంది.

ఆ లక్ష్యాన్ని తర్వాత మెట్లు మెట్లుగా అందుకున్నారు. 2020లో జీఎస్టీఆర్-2బీ వచ్చింది. కొన్నవారు ఏమీ నింపనక్కర్లేదు, వివరాలు తయారై వస్తాయి. అదే ఏడాది అక్టోబరు 1న ఈ-ఇన్వాయిస్ రూ.500 కోట్లకు పైబడిన టర్నోవర్ ఉన్నవారితో మొదలైంది. 2023 ఆగస్టు 1 నాటికి ఆ పరిమితి రూ.5 కోట్లకు దిగింది. పెద్ద సంస్థలతో మొదలుపెట్టి, వ్యవస్థ కుదురుకున్న కొద్దీ చిన్నవారిని చేర్చారు.

ఫ్రెడ్ బ్రూక్స్ 1986లోనే సాఫ్ట్‌వేర్ సంక్లిష్టతను రెండుగా విడదీశాడు: పనిలోనే ఉండేది, మనం తెచ్చిపెట్టుకునేది. ఎన్నో పన్నులను ఒకటి చేయడం మొదటి రకం. మూడు రిటర్నులను ఒకేసారి అందరిమీదా పెట్టడం రెండోది.

కాబట్టి ఈసారి జవాబు రాసేటప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. నిబంధనను సరళం చేయవచ్చా? ముందుగా ఎవరితో మొదలుపెట్టాలి? దేన్ని వాయిదా వేయవచ్చు, దానికి మూల్యం ఎంత? రేపు మీరు సర్వీసులోకి వెళ్తే కోడ్ రాయకపోవచ్చు. కానీ ఆ కోడ్ మోయాల్సిన నిబంధన మాత్రం మీ ఫైలులోంచే వెళ్తుంది.