నీళ్ళ నడుమ ఎర్రకోట

"కొత్తగా కట్టిన పాతకోటను చూడడానికా ఇంత దూరం లాక్కొచ్చారు?" అంది మా ఆవిడ, కొయ్యవంతెన మొదట్లోనే నిలబడిపోయి.

మా అబ్బాయి లిథుయేనియా రాజధాని విల్నియస్‌లో చదువుకుంటున్నాడు. చూడబోయిన మమ్మల్ని ఒక ఆదివారం నాడు 28 కిలోమీటర్ల దూరంలోని త్రాకాయ్‌కి తీసుకువెళ్ళాడు. గాల్వే సరస్సు మధ్య చిన్న దీవి, దీవినిండా కోట. ఎర్రని బురుజులు నీళ్ళలో తలకిందులుగా ఊగుతున్నాయి. ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఇటుకలు నిన్నగాక మొన్న బట్టీలోంచి తీసినట్టే ఉన్నాయి.

"అమ్మా, పైకి కాదు, గోడ అడుగున చూడు" అన్నాడు వాడు.

చూశాం. అడుగున గరుకైన గండ్రాళ్ళ గోడ. మిగిలిన ఆ పాత గోడల మీదనే తక్కినదంతా లేపారట.

14వ శతాబ్దంలో కేస్తుతిస్ ప్రభువు ఈ కోటను మొదలుపెడితే, ఆయన కుమారుడు వీతౌతస్ పూర్తిచేశాడు. 1410లో పోలెండు రాజుతో కలిసి గ్రున్‌వాల్డ్ యుద్ధంలో ట్యుటానిక్ యోధులను ఓడించిన మహావీరుడీయనే. 1430లో త్రాకాయ్‌లోనే కన్నుమూశాడు. 17వ శతాబ్దపు యుద్ధాలలో దెబ్బతిన్న కోట ఆపైన మొండిగోడలై మిగిలింది.

అసలు కథ ఇక్కడే ఉంది. 1951 తర్వాత, సోవియట్ పాలనలో ఉండగానే, ఈ చిన్న జాతి తన రాజుల కోటను తిరిగి కట్టుకోసాగింది. పాత ప్రభువుల వైభవాన్ని నెత్తికెత్తుకోవడమేమిటని 1960లో క్రుశ్చేవ్ అంతటివాడు ఆక్షేపించాడు. అయినా 1962లో కోటలో మ్యూజియం తెరిచారు. 1990లో దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకునే నాటికి ఈ కోట మళ్ళీ తలెత్తుకునే ఉంది!

లోపలి ముంగిలి ఇరుకు. చుట్టూ కొయ్య వసారాలు, నిటారు మెట్లు. మోకాళ్ళ నొప్పులన్న మనిషి నాకంటే ముందే ఎక్కేసింది! అబ్బాయి ఆ దేశపు మాటలు చెబుతుంటే మాకు ఆశ్చర్యం: నిప్పును 'ఉగ్నిస్' అంటారు, దేవుణ్ణి 'దియేవస్', కొడుకును 'సూనుస్'. సంస్కృతానికి ఇంత దూరాన ఇంత దగ్గరి చుట్టమా!

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ వంగి, అడుగురాయి మీద అరచెయ్యి ఆనించింది.

"మా పుట్టింటివాళ్ళు ఇల్లు పడగొట్టినప్పుడు వీధి అరుగైనా ఉంచితే బాగుండేది. దాని మీదే కట్టుకునేవాళ్ళు గదా" అంది నెమ్మదిగా.

నేనేమీ అనలేదు. ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోమని మా బావమరిదికి సలహా ఇచ్చిన పెద్దమనిషిని నేనే.

ఊళ్ళో కారాయిముల వీధి ఉంది. వారి పూర్వులను 1390ల చివర వీతౌతస్ క్రిమియా నుంచి తీసుకువచ్చి కోట కాపలా అప్పగించాడు. వాళ్ళ కొయ్య ఇళ్ళకు వీధివైపు మూడు కిటికీలుంటాయి. ఒకటి దేవుడికి, ఒకటి వీతౌతస్‌కి, ఒకటి ఇంటివాళ్ళకూ అని చెబుతారు. అక్కడ నేను మాంసం కూరిన కజ్జికాయలాంటి 'కిబినాయి' తింటుంటే, ఆవిడ ఆ కిటికీలకేసే చూస్తూ కూచుంది.

"ఊరెళ్ళాక తమ్ముడి పెరట్లో వెతకాలి. అరుగురాళ్ళు అక్కడే పడేసి ఉంటాడు" అంది.

"నేనూ వస్తాను" అన్నాను.