మాడ్చింది నేనే

ఆడ గొల్లభామ మగదాన్ని తినేస్తుందట కదా అని ఎవరైనా అంటే, కళ్ళారా చూశానని చాలాకాలం సాక్ష్యం చెప్పాను. చూసిన మాట నిజమే. దానికి కారణం నేనేనన్నది దాచాను.

మాది ధర్మపురి జిల్లా పాలకోడు దగ్గర టమాటా తోట. ఇంట్లో తెలుగు, మండీలో తమిళం. తమిళంలో గొల్లభామను కుంబిడు పూచ్చి అంటారు. ఇవి పురుగుల్ని తింటాయి గనక మందుల ఖర్చు తగ్గుతుందని లెక్క వేసుకుని, గట్టు మీది చింతకొమ్మకు అంటుకున్న గుడ్ల గూడును విరిచి తెచ్చి సీసాలో పెట్టాను. ఆడది పొట్ట చివరినుంచి నురుగు తీస్తూ అందులో గుడ్లు పెడుతుంది. ఆ నురుగే ఆరి గట్టి గూడవుతుంది.

ఒకనాడు తెల్లారేసరికి సీసా నిండా చీమలంత పిల్లలు. వీటికి గొంగళి దశ లేదు, పుట్టడమే పెద్దవాటి రూపంతో పుడతాయి, రెక్కలొక్కటే తక్కువ. వేటా అప్పుడే మొదలు. తీరిక చూసుకుని తోటలో వదులుదాంలే అని ఊరుకున్నాను. తీరిక దొరికేసరికి ఒకదాన్నొకటి తిని కొన్నే మిగిలాయి. "పాపిష్టి పురుగులురా" అంది అవ్వ. నేనూ తలూపాను.

మిగిలినవాటిలో ఒక ఆడదాన్ని పెంచాను. నేనెటు జరిగితే అటు దాని కంట్లో ఒక నల్లచుక్క నన్నే చూస్తున్నట్టు జరిగేది. అది కనుపాప కాదు. వేల గదులున్న ఆ కంట్లో మనకు సూటిగా ఉన్న గదులు వెలుతురును మింగేస్తాయి, అందుకని అక్కడ నల్లగా కనబడుతుంది. ఈ వింతలు చూడటంలో ఉన్న శ్రద్ధ మేత పెట్టడంలో లేకపోయింది. పండక్కి ఊరెళ్ళి వచ్చి, దాని కడుపు సంగతి పట్టించుకోకుండా, వరండా లైటుకు ఎగిరొచ్చిన మగదాన్ని పట్టి పెట్టెలో వేశాను. పారిపోవడానికి చోటేదీ? తలనుంచి మొదలుపెట్టింది.

1984లో లిస్కే, డేవిస్ అనే పరిశోధకులు చైనా గొల్లభామల్ని కడుపునిండా మేపి, మనుషుల అలికిడి లేకుండా వీడియో తీశారు. మగది కాసేపు జతకోరే కదలికలు చూపి దగ్గరకు చేరింది, జతకట్టింది, బతికి బయటపడింది. బయట పొలాల్లో తినడం లేదని కాదు, ఉంది. కానీ ప్రతి జతకూ అదే గతి కాదు. ఆకలితో ఉన్న ఆడదాని దగ్గరకు మగది మరింత జాగ్రత్తగా వెళ్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. నా పెట్టెలో ఆ జాగ్రత్తకు జానెడు చోటు కూడా లేదు.

ఇక నా ఖర్చు లెక్క కూడా తప్పే. గొల్లభామకు పంటకు మేలు చేసేది, కీడు చేసేది అన్న తేడా లేదు, పువ్వు మీద వాలిన తేనెటీగనూ పడుతుంది. కాయతొలుచు పురుగేమో కాయలో తలదూర్చుకుని ఉండి గొల్లభామకు అంతగా చిక్కదు. ఆ పురుగు కోసం ఇప్పుడు లింగాకర్షక బుట్టలు కడుతున్నాను. గట్టు మీద కొమ్మలు కొట్టేటప్పుడు గూడున్న కొమ్మ కనబడితే వదిలేస్తున్నాను.