ఒకే తొట్టిలో చిన్నా పెద్దా

మత్స్యన్యాయం అనే మాట డిగ్రీలో చదువుకున్నాను. పెద్ద చేప చిన్న చేపను మింగడమే ఆ న్యాయం. గోల్డ్ ఫిష్ పెంచేవాళ్ళకు మాత్రం మింగడం కన్నా ముందు ఇంకో సమస్య వస్తుంది. పెద్దది చిన్నదాన్ని ఏమీ అనదు, దానికన్నా ముందే తినేస్తుంది, అంతే.

జనగామలో మా ఇంటి హాల్లో మూడడుగుల తొట్టి ఉంది. 170 లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో రెండు ఒరాండాలు. నెత్తిన ఎర్రటి కుచ్చుటోపీ పెట్టుకున్నట్టు ఉంటాయి, ఒక్కోటి అయిదంగుళాలు. మా చెల్లెలి కొడుకు ఆరో తరగతి చదవడానికి భూపాలపల్లి నుంచి మా ఇంటికి వచ్చాడు. వస్తూ వస్తూ హన్మకొండలో వాళ్ళ నాన్నతో కొనిపించుకుని కవర్లో ఒక బ్లాక్ మూర్‌ను తెచ్చాడు. ఒకటిన్నర అంగుళం పిల్ల. గుడ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి గానీ చూపు తక్కువ.

ఆ రోజు మానుకోట నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, "ఇంకేం చూస్తున్నవ్ వదినా, అందులనే వెయ్యి. మా బయ్యారం చెరువుల చిన్నయి పెద్దయి అన్నీ కలిసే ఉంటలేవా?" అంది.

కాకతీయుల నాటి ఆ చెరువెక్కడ, మా తొట్టి ఎక్కడ! పైగా చెరువులో బొచ్చె పైనీళ్ళలో, రవ్వ నడిమి నీళ్ళలో, మ్రిగాల అడుగున మేస్తాయి. ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. అయినా పిల్లల సైజు చూడకుండా వదలరు. మన దగ్గర 2016-17లో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీలో చిన్న చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లల్ని, ఏడాదంతా నీళ్ళుండే పెద్ద జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లల్ని ఇవ్వాలని పెట్టుకున్నారు. పెద్ద నీళ్ళలో పెద్ద నోళ్ళు ఉంటాయి మరి. గోల్డ్ ఫిష్ కూడా రవ్వ, బొచ్చెల చుట్టమే, కానీ మూడూ ఒకే గింజ కోసం ఒకే చోటికి వస్తాయి.

అందుకని బ్లాక్ మూర్‌ను ముందు నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచాను. కొత్త చేప రోగం తెచ్చిందీ లేనిదీ ఈలోపు తెలుస్తుంది. మొదటి చేపకు 75 లీటర్లు, ఆపైన ఒక్కోదానికి 40 లీటర్లు అని పెంచేవాళ్ళు వేసే లెక్క. మూడింటికి 155, మా తొట్టి సరిపోతుంది. తర్వాత తొట్టి మధ్యలో ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టి, చిన్నదాన్ని ఒక పక్కన వదిలాను. వీటికి మనలా జీర్ణాశయం ఉండదు, కాబట్టి మేత కొంచెం కొంచెంగా రెండు పూటలా వేయాలి. ఎక్కువ వేస్తే మిగిలింది కుళ్ళి నీళ్ళలో అమ్మోనియా పెరుగుతుంది. చిన్నదానికి మునిగే గింజల్ని నానబెట్టి, రోజూ ఒకే మూలన వేసేవాళ్ళం. చూపు లేకపోయినా వారానికల్లా ఆ మూల గుర్తుపట్టింది.

మేత వేసే పని పిల్లవాడిది. ఒకరోజు జాలీ తీసి చూద్దామన్నాను. రెండు నిమిషాలు చూసి, "పెద్దమ్మా, అవి దీన్ని కొడ్తలేవు. ఇది అక్కడికి పొయ్యేలోపల అయిపోతున్నయి" అన్నాడు.

వాడు చేప గురించే అన్నాడు. నాకు మాత్రం ఆదివారం కోడికూర గిన్నె కళ్ళముందు మెదిలింది. మా ఇద్దరు కొడుకులు ఇంటరు, డిగ్రీ. మంచి పిల్లలు, తమ్ముడంటే ప్రాణం. కానీ వీడు మొదటి ముద్ద కలుపుకునేలోపు గిన్నె అడుగు కనబడుతుంది. "ఇంకొంచెం వెయ్యనా?" అంటే వీడు "వద్దు పెద్దమ్మా" అంటాడు. పక్క ఇంట్లో ఉన్న పిల్లలకు ఆ 'వద్దు' అలవాటు. ఫోనులో మా చెల్లెలు రోజూ అడుగుతుంది, "మంచిగ తింటున్నడా అక్కా?" అని.

జాలీ మళ్ళీ పెట్టేశాం, ఇంకో రెండు నెలలకు. వంటింట్లో జాలీలు పెట్టలేం. గిన్నె మధ్యలో పెట్టడం మానేసి, నలుగురికీ నేనే వడ్డిస్తున్నాను, ముందు చిన్నవాడికి. అడగడం లేదు, వేసేస్తున్నాను. పోయిన ఆదివారం కాలు ముక్క తిని, కంచం నా వైపు జరిపి, "ఇంకోటి ఉన్నదా పెద్దమ్మా?" అన్నాడు.

లేదు. నా కంచంలోది వేశాను.