కూరలో హస్తవాసి ఎంత?

మన తెలుగువాళ్లకు హస్తవాసి అని ఒక మాట ఉంది. డాక్టరు ఇచ్చిన మందు పనిచేస్తే అది మందు గొప్పతనం అనరు, ఆయన హస్తవాసి మంచిది అంటారు. అదే మాట వంటింట్లోకి వచ్చేసరికి "రుచి ఆవిడ చేతిలోనే ఉంది" అవుతుంది. అవే వంకాయలు, అవే ఉప్పుకారాలు, కానీ ఫలానా ఆవిడ చేస్తేనే ఆ రుచి వస్తుందట. బాబాల చేతిలోంచి రాలే విభూతిని నిలదీసే మన మిత్రులు కూడా ఈ చేతి మహిమ దగ్గరకు వచ్చేసరికి మెత్తబడతారు. ప్రేమగా అన్న మాటే కదా, నష్టమేముంది అంటారు.

నష్టం ఉంది. రుచి అనేది ఒకరి చేతి మహిమ అయితే మిగతావాళ్లు నేర్చుకోనక్కర్లేదు. ఆ చెయ్యి ఉన్న మనిషి మానుకోవడానికీ వీల్లేదు. పొగడ్తలాగా కనిపించే ఈ మాట నిజానికి జీవితకాలపు డ్యూటీ ఆర్డరు.

రెండేళ్ల కిందట మా ఆవిడ కుడి మణికట్టుకు ఆపరేషన్ అయింది. నాలుగు నెలలు బరువు ఎత్తకూడదు, పిండి కలపకూడదు అన్నారు డాక్టరు. పరామర్శకు ఫోన్ చేసిన బంధువుల్లో సగంమంది "అయ్యో, మరి వంటో?" అనే అడిగారు. మా మరదలైతే "బావగారూ, అక్కయ్య చేతి గుత్తొంకాయ ఇంకెవరికీ రాదండీ" అంది. నేను నోయిడాలో ఒక వంట క్లాసులో చేరాను. పన్నెండు ఆదివారాలు. తొమ్మిదిమందిమి, అందరిలోకీ పెద్దవాణ్ని నేనే. నేర్పేవాడు హోటళ్ల వంటిళ్లలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. ఆయన నన్ను అంకుల్ జీ అనేవాడు, నేను ఆయన్ని మాస్టర్ జీ అనేవాణ్ని.

మొదటి రోజు ఆయన బల్లమీద పెట్టినది గరిటె కాదు, తూకం మిషను. "హోటల్లో వంటవాడు సెలవు పెడతాడు, మానేస్తాడు. కూర మాత్రం మారకూడదు. అందుకే అన్నీ గ్రాముల్లో ఉంటాయి" అన్నాడు. తర్వాత నాలుగు గ్రేవీలు చూపించాడు. ఉల్లిపాయ వేయించి చేసే బ్రౌన్ గ్రేవీ, జీడిపప్పుతో చేసే వైట్ గ్రేవీ, పసుపు వేసిన ఎల్లో గ్రేవీ, టమాటా వెన్నలతో మఖనీ గ్రేవీ. మెనూ కార్డులో అరవై పేర్లుంటే వెనకాల ఉన్నవి చాలావరకు ఈ నాలుగు గిన్నెలే. పనీరు వేస్తే ఒక పేరు, చికెన్ వేస్తే ఇంకో పేరు. డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసినవాడిని కాబట్టి నాకు ఇది తొందరగానే ఎక్కింది. పద్దులు నాలుగే, వోచర్లు అనేకం.

మఖనీ గ్రేవీకి మాకు చెప్పిన లెక్క: కిలో టమాటాలకు 100 గ్రాముల జీడిపప్పు, 100 గ్రాముల వెన్న, చివర 100 మిల్లీలీటర్ల క్రీమ్. హోటలు రుచి రహస్యం ఏమిటని అడిగేవాళ్లు ఈ వెన్న, క్రీముల తూకాలు ఒకసారి చూసుకుంటే చాలు.

మిగతావాటికీ కారణాలున్నాయి. ఉల్లిపాయలో పదింట దాదాపు తొమ్మిది వంతులు నీరే. ఆ నీరు ఉన్నంతసేపు వేడి నూరు డిగ్రీలు దాటదు, రంగు రాదు. నీరు పోయాకే ఎర్రబడటం మొదలవుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ 1912లో వివరించిన రసాయన చర్య అదే. "నూనె పైకి తేలేదాకా వేయించు" అని అమ్మలు చెప్పే మాటకు అర్థం, మసాలాలో నీరు చాలావరకు పోయిందని. అది థర్మామీటరు లేని కాలపు థర్మామీటరు. కాశ్మీరీ మిరపకారం ఎరుపు నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నూనెలో వేస్తారు. టమాటా ముందే వేస్తే రాజ్మా త్వరగా ఉడకదు, పులుపు గింజను మెత్తబడనివ్వదు.

అలాగని మాస్టర్ జీ చెప్పినవన్నీ నిలబడలేదు. క్రీమ్ వేశాక గరిటె ఒకే దిక్కుకు తిప్పాలి, లేకపోతే విరిగిపోతుంది అన్నాడు. రెండు గిన్నెలు పెట్టి, ఒకదాన్ని కుడికే తిప్పి, రెండోదాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పాం. రెండూ బాగానే ఉన్నాయి. విరగడానికి పులుపూ వేడీ కారణం, దిక్కు కాదు. ఆయన నవ్వి, "మా ఉస్తాద్ అలా చెప్పాడు మరి" అన్నాడు.

క్లాసులో ఒకమ్మాయి, హోటలు రుచి అంతా అజినోమోటోదే, అది విషం కదా అంది. ఆ పదార్థాన్ని 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునె ఇకెడ సముద్రపు నాచులోంచి వేరుచేశాడు. దాని మీద భయం మొదలైంది 1968లో, ఒక డాక్టరు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు రాసిన ఉత్తరంతో. ఉత్తరం అంటే ఉత్తరమే, ప్రయోగం కాదు. తర్వాత తిన్నవాళ్లకూ పెట్టినవాళ్లకూ తెలియకుండా చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. ఆ గ్లూటమేటు పండిన టమాటాలోనూ ఉంది. ఆ రోజు మేము ఉడికించిన రెండు కిలోల్లోనూ ఉంది.

హస్తవాసి గొడవ ఢిల్లీలో హైకోర్టుదాకా వెళ్లింది. దేశవిభజన తర్వాత పెషావర్ నుంచి వచ్చినవాళ్లు 1947లో దర్యాగంజ్‌లో మోతీమహల్ పెట్టారు. బటర్ చికెన్ అక్కడ పుట్టిందంటారు. అయితే కనిపెట్టినది కుందన్‌లాల్ గుజ్రాలా, ఆయన భాగస్వామి కుందన్‌లాల్ జగ్గీయా? గుజ్రాల్ కుటుంబం 2024 జనవరిలో, జగ్గీ వారసులున్న దర్యాగంజ్ అనే రెస్టారెంటు మీద దావా వేసింది. దావా కాగితాలే 2,752 పేజీలు. ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటే. ముందు ఎవరు చేశారన్నదే తగాదా. ఆ చేతులు తప్ప వేరే చేతులు చెయ్యలేవని ఎవరూ అనలేరు, ఎందుకంటే ఢిల్లీలో ప్రతి ఢాబాలోనూ అది ఉడుకుతోంది.

హోటలు కూర సంగతి తేలింది. మరి ఇంటి కూర?

నాలుగు నెలలు గడిచాక మా ఆవిడ గుత్తొంకాయ చేస్తుంటే నేను పక్కన తూకం మిషను పెట్టుకుని కూర్చున్నాను. ఆమె చేతిలోకి తీసుకున్న ప్రతిదాన్నీ గిన్నెలో పడేముందు తూచాను. మూడు వారాల్లో మూడుసార్లు. పిడికెడు వేరుశనగపప్పు 41, 43, 42 గ్రాములు. నిమ్మకాయంత చింతపండు 24, 25, 23. ఉజ్జాయింపు అనుకున్నది ఉజ్జాయింపు కాదు. ఆ చెయ్యే ఒక త్రాసు.

ఆ లెక్కతో నేనూ చేశాను. ఇక పరీక్ష. బి.కాం.లో స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఫిషర్ టీ కప్పుల కథ తెలిసే ఉంటుంది. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంటే ఎనిమిది కప్పులతో ఎలా పరీక్షించాలో ఆయన 1935 నాటి పుస్తకంలో వివరించాడు. నాలుగు ఇవి, నాలుగు అవి. ఊహతో అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. మేమూ ఎనిమిది కటోరీలు పెట్టాం. వంకాయ కోత చూసి పట్టేయకుండా గుజ్జు మాత్రమే. చీటీలు తీసి వరస పెట్టినది పక్కింటి కుర్రాడు, ఆ వరస నాకూ తెలియదు.

మా ఆవిడవి ఏ నాలుగో చెప్పమంటే మరదలు రెండు సరిగ్గా పట్టుకుంది. తోడల్లుడు ఒకటి. పక్కింటి పంజాబీ ఆయన మూడు. మూడూ అంతకు మించీ ఊహతోనే తగిలే అవకాశం 70లో 17, అంటే నాలుగింట ఒకటికి కాస్త తక్కువ. ముగ్గురితో ఏదీ రుజువైపోదు. ఎవరైనా అన్నీ సరిగ్గా చెప్పినా తేలేది రెండు గిన్నెల తేడాయే, మహిమ కాదు. కానీ "ఇంకెవరికీ రాదు" అన్న మాట మాత్రం ఆ బల్లమీద నిలబడలేదు. మరదలు ఒక నిమిషం ఆలోచించి, "అక్కయ్యకు ఇవాళ మనసు బాగోలేదేమో బావగారూ" అంది. జ్యోతిష్యం తప్పినప్పుడు పుట్టిన సమయం సరిగా రాయలేదనడం మనం వినలేదూ, అలాగ.

మహాభారతంలో దమయంతి కూడా బాహుకుడు వండిన మాంసం రుచి చూసి నలుణ్ని పోల్చుకుంది కదా అని తోడల్లుడు అడిగారు. పోల్చుకుంది. కానీ ఆవిడకు ముందే అనుమానం ఉంది, ఆ మాంసం ఎవరి గిన్నెలోంచి వచ్చిందో కూడా తెలుసు. కటోరీ ఒక్కటే. దాన్ని పరీక్ష అనరు.

మహిమ లేదంటే మా ఆవిడను తక్కువ చేసినట్టు కాదా అని ఒక మిత్రుడు అడిగారు. తక్కువ చేసేది మహిమ అన్న మాటే. మూడుసార్లు తీస్తే రెండు గ్రాములకు మించి తేడా రాని పిడికిలి వరంగా రాదు. 38 ఏళ్లు, రోజుకు రెండు పూటలు చేస్తే వస్తుంది. చెయ్యి తిరగడం అని మన భాషలోనే దానికి సరైన మాట ఉంది. తిరిగిన చెయ్యి అరుగుతుంది కూడా. ఆ మణికట్టు ఎందుకు నొప్పి పెట్టిందో డాక్టరు ఎక్స్‌రేలో చూపించాడు. మహిమకు ఎక్స్‌రే అక్కర్లేదు, సెలవూ అక్కర్లేదు. పనికి రెండూ కావాలి.

కటోరీలు కడిగాక మా ఆవిడ ఫలితాల కాగితం చదివింది. "అయితే సోమ, బుధ, శుక్రవారాలు మీవే" అంది. అప్పటినుంచీ అలాగే జరుగుతోంది. గుత్తొంకాయ లెక్క కావాలన్నవాళ్లకు గ్రాములతో సహా పంపుతాను. మగవాళ్లకు ముందు పంపుతాను.