కీచుమన్న బెల్టు

మా ఇల్లు అలిపిరి దగ్గర. వాకిట్లో ముగ్గు వేద్దామంటే సగం చోటు మా పాత పికప్ బండికే పోతుంది. 2005 మోడలు. మావారు తెల్లవారుజామున దాంట్లో కూరగాయలు వేసుకుని కొండమీది హోటళ్ళకు ఇచ్చి వచ్చేవారు. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి పాత రోడ్డు. ఆ మలుపులు ఎలాంటివో కొండకు వచ్చిన వాళ్ళకు చెప్పనక్కరలేదు.

2016 ధనుర్మాసంలో ఒకరోజు బండి స్టార్టు చేయగానే కీచుమని అరిచింది. నేను వంటింట్లో ఉన్నాను. ఆ అరుపు నాకు బాగా తెలుసు! మినప్పిండి గట్టిపడినప్పుడు మా గ్రైండరు బెల్టు జారి అచ్చం అట్లాగే అరుస్తుంది. బయటికొచ్చి, "బెల్టు వదులైనట్టుందండీ" అన్నాను.

"చలికి అట్నే అరుస్తాదిలే. రొండు నిమిషాలకి సర్దుకుంటాది" అని వెళ్ళిపోయారు. ఆడవాళ్ళకు బండ్ల సంగతి ఏం తెలుసని ఆయన ధీమా.

ఆరోజు ఇంటికి రావడం బాగా ఆలస్యమైంది. వచ్చి టిఫిను ముట్టలేదు. సాయంత్రానికిగాని నోరు విప్పలేదు. దిగుతుంటే ఎర్రలైటు వెలిగిందట. బ్రేకు రెండుసార్లు పట్టి, ఆ తరువాత పెడలు రాయిలా గట్టిపడిపోయిందట. గేరు తగ్గించి, హ్యాండుబ్రేకు లాగి, కొండ గోడవైపు ఆపుకున్నారు. వెనకాల ఒక బస్సు వస్తోంది. అంతకు మించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు మేస్త్రీ ఇంటికొచ్చి కొత్త బెల్టు వేస్తుంటే పక్కనే నిలబడ్డాను. "బెల్టు తెగితే బ్రేకెందుకు పోతుందన్నా?" అని అడిగాను. మా బండిలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు డైనమో వెనకాలే బిగించి ఉంటుందట. బెల్టు తిరిగితేనే డైనమో, అది తిరిగితేనే ఆ పంపు. బ్రేకు మొత్తంగా పోదు కానీ కాలి బలమంతా పెట్టి తొక్కాలి. నీళ్ళ పంపు, ఫ్యాను కూడా ఆ బెల్టు మీదే. "వదులుగా ఉంటే జారతాదమ్మా. జారితే కాలి, నున్నగా అయి, పగిలి తెగతాది. అట్లని మరీ బిగిస్తే బేరింగులు పోతాయి" అన్నాడు.

ఎంత బిగించాలో కూడా చూపించాడు. ఇంజను ఆపి, తాళంచెవి చేతిలో పెట్టుకుని, రెండు చక్రాల మధ్య పొడవాటి చోట బెల్టును బొటనవేలితో గట్టిగా నొక్కాలి. మా బండికి అర అంగుళం దాకా లోపలికి పోతే సరి. ఎక్కువ పోతే డైనమో బోల్టు వదులుచేసి, బయటికి జరిపి బిగించాలి. కొత్త బెల్టు కొద్దిగా సాగుతుంది కనుక వారం తిరక్కముందే మళ్ళీ చూడాలి. (ఇంజను తిరుగుతుండగా మాత్రం దగ్గరికి పోకండి. ఫ్యానుకు చీరకొంగు, జడ అని తేడా తెలియదు.)

అప్పటినుంచి గ్యాసు బుక్ చేసిన తేదీలు రాసుకునే క్యాలెండరులోనే బండి లెక్కా రాస్తున్నాను. ఆయిలు, ఫిల్టరు మార్చినప్పటి కిలోమీటర్లు, గ్రీజు పెట్టిన రోజు, గాలి ఫిల్టరు దులిపిన రోజు. ప్రతి ఆదివారం బెల్టు చూడటం నా పని. లోపలివైపు పగుళ్ళు కనిపిస్తే ఇక నొక్కి చూడటం లేదు, మార్చడమే. అదే నంబరుది ఇంకొకటి ఎప్పుడూ సీటు వెనకాల ఉంటుంది. రేడియేటరు నీళ్ళు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూస్తాను. వేడిమీద మూత తీస్తే కుక్కరు మూత తీసినట్టే.

ఇప్పుడు కొండకు వేయడం మానేశాం. చంద్రగిరి, రేణిగుంట వైపే తిరుగుతున్నారు. అయినా ఆదివారం పని ఆగలేదు. మొన్న బెల్టు ఎక్కువ లోపలికి పోతోందని బండి ఆపేశాను. హోటలువాళ్ళు ఫోను మీద ఫోను. ఆయన సణుగుతూనే స్పానరు తీశారు. బిగించి, చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి తొంగిచూసి, "మరి నీ గ్రైండరు బెల్టు మార్చి ఎన్నేళ్ళయిందే?" అన్నారు.

అది ఇంకా కీచుమంటూనే ఉంది!